పాత టీమ్ మాట్లాడటం ఎందుకు మానేసింది?

ప్రశ్న: నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో మేనేజరుగా పనిచేస్తున్నాను. మాది చిన్న టీమే. షిఫ్టుకొక ఆపరేటరు, డ్రయ్యర్ చూసే ఇద్దరు, బాయిలర్ అటెండెంటు, ఎలక్ట్రీషియన్, శాంపిల్స్ చూసే అమ్మాయి, ఇద్దరు గుమస్తాలు, బయట హమాలీలు. ఆరేళ్లుగా దాదాపు వీళ్లే. మొదట్లో కరెంటు పోయినా, బెల్టు తెగినా పిలవకముందే నలుగురు వచ్చి నిలబడేవారు. రెండేళ్ల నుంచి ఆ ఊపు లేదు. గొడవలేం లేవు, ఎవరి పని వాళ్లు చేసుకొని పోతున్నారు. పోయిన యాసంగిలో ఒక ఏసీకే (సర్కారు గోదాముకు ఒకసారికి పంపే 290 క్వింటాళ్ల లాటు) బియ్యం మొత్తం తేమ, నూకలు ఎక్కువని తిప్పి పంపారు. ఆ సంగతి లోడు కాకముందే మావాళ్లలో ఇద్దరికి తెలుసట. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే మాకే తిట్లు పడతయి గద సార్" అన్నారు. డబ్బు దగ్గర లోటు చేయలేదు. ఎక్కువ టన్నులు మిల్లింగ్ చేసిన షిఫ్టుకు బోనస్ అని రెండేళ్ల కిందే సేటు పెట్టారు. సాగర్‌కు పిక్నిక్ కూడా తీసుకెళ్లాం. ఇప్పుడు సేటు సగం మందిని మార్చేయమంటున్నారు. ఉన్నవాళ్లలో మంచి పనిమంతుడైన ఎలక్ట్రీషియన్ తానే వెళ్లిపోతానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం:

ముందుగా సేటుతో మాట్లాడి, మనుషులను మార్చే ఆలోచన వచ్చే యాసంగి అయ్యేదాకా పక్కన పెట్టించండి. మనుషులే చెడిపోయారో, వాళ్లు మాట్లాడుకునే దారి మూసుకుపోయిందో తేల్చుకోకుండా మారిస్తే, కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఏడాది తిరిగేసరికి ఇదే తీరుకు వస్తారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దారే మూసుకుపోయిందని నాకు అనిపిస్తోంది.

మీరు ఊరటగా రాసుకున్న మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది: గొడవలేం లేవు అన్నారు. సీజన్‌లో రాత్రింబవళ్లు నడిచే మిల్లులో, గేటు బయట లారీలు వరుస కట్టి ఉన్నప్పుడు, డ్రయ్యర్ దగ్గరి మనిషికీ ఆపరేటరుకూ మధ్య ఎప్పుడో ఒకప్పుడు మాట పడుతుంది. "ఇంత పచ్చిగ వదిలితే నేనేం చేసుకోవాలె?" అని ఒకరు, "పాలిష్ అంత బిగించి పెడితే విరగవా మరి?" అని ఇంకొకరు అనుకోవాలి. మీ టీమ్ బాగున్న రోజుల్లో ఇలాంటి మాటలు జరిగే ఉంటాయి, మీరు గుర్తు పెట్టుకొని ఉండరు. ఇప్పుడు అవి వినిపించడం లేదంటే, చెప్పి లాభం లేదన్న నిర్ణయానికి వాళ్లు వచ్చేశారన్నమాట. తిప్పి పంపిన ఆ 290 క్వింటాళ్ల వెనక ఉన్నది ఈ నిర్ణయమే.

కలిసి పనిచేసిన అనుభవాన్ని సేటు తక్కువ అంచనా వేస్తున్నారు. అమెరికాలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే జాతీయ రవాణా భద్రతా బోర్డు 1994లో ఒక అధ్యయనం వెలువరించింది. సిబ్బంది పొరపాట్ల వల్ల జరిగిన పెద్ద ప్రమాదాల్లో, వివరాలు దొరికినవాటి వరకు చూస్తే, 73 శాతం ఆ సిబ్బంది కలిసి విమానం నడిపిన మొదటి రోజునే జరిగాయి. వాళ్లేమీ పని రాని పైలట్లు కారు. పక్కవాడు ఎప్పుడు తొందరపడతాడో, ఎప్పుడు మౌనంగా ఉంటే అనుమానించాలో ఒకరి గురించి ఒకరికి ఇంకా తెలియదు, అంతే. మన పాలమూరు కూలీల సంగతే చూడండి. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా వాళ్లు విడివిడిగా పోలేదు, ఊరి గుంపుగా పోయారు. ఎవరు తవ్వాలో, ఎవరు ఎత్తాలో, ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పుకోకుండానే తెలిసిన గుంపు చేసే పని కొత్తగా పోగుచేసిన మనుషులతో కాదు. సగం మందిని మారిస్తే మీరు ఆరేళ్లలో కూడబెట్టుకున్నది ఒక్క నెలలో పోగొట్టుకుంటారు.

అయితే ఎక్కువ కాలం కలిసి ఉండటమే చాలని కూడా అనుకోవద్దు. 1982లో రాల్ఫ్ కాట్జ్ అనే పరిశోధకుడు ఒక పెద్ద అమెరికన్ కంపెనీ పరిశోధన విభాగంలోని 50 టీమ్‌ల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించాడు. కొత్త టీమ్‌ల పనితీరు మొదటి ఏడాదిన్నర పెరుగుతూ పోయింది. తర్వాత కొంతకాలం నిలకడగా సాగింది. ఐదేళ్లు దాటిన టీమ్‌లలో మాత్రం పడిపోయింది. వాళ్లు ముసలివాళ్లయ్యారనో, బద్ధకం పెరిగిందనో అనుకుంటాం. అసలు కారణం వేరే. ఐదేళ్లు దాటినవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం, పక్క విభాగాలతో మాట్లాడటం, బయటి నిపుణులను అడగటం అన్నీ తగ్గించేశారు. మాకు తెలియనిదేముంది అన్న ధీమా వచ్చేసింది. మీ టీమ్‌కు ఆరేళ్లు నిండాయి. మీ డ్రయ్యర్ మనుషులు వేరే మిల్లులో డ్రయ్యర్ నడుస్తుంటే చివరిసారి ఎప్పుడు చూశారో ఒకసారి అడగండి. మిర్యాలగూడలో మిల్లులకు కొదవా? పెద్దగా పోటీ లేని, తెలిసిన సేటు మిల్లుకు ఇద్దరిద్దరిని అన్ సీజన్‌లో ఒక పూట పంపండి. తిరిగి వచ్చాక "అక్కడ ఏం చూసొచ్చారు?" అని అందరి ముందు చెప్పించండి. పిక్నిక్ కన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ ఉపయోగం.

ఇక బోనస్. మీరు డబ్బు దగ్గర లోటు చేయలేదని చెప్పడానికి దాన్ని రాశారు. ఊపు తగ్గింది రెండేళ్ల నుంచి అన్నారు, బోనస్ పెట్టిందీ రెండేళ్ల కిందే అన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశారా?

డ్రయ్యర్ పని మీకు నేను నేర్పేది కాదు, కానీ బోనస్ లెక్కతో కలిపి ఒకసారి చూడండి. ఆవిరి పట్టి దించిన వడ్లలో తేమ 30 శాతం దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా ఉంటుంది. దాన్ని 14 దగ్గరికి తేవాలి. ఒకే ఊపులో వేడి గాలి కొట్టి ఆరబెడితే గింజ పైపొర ఎండిపోయి లోపల తడి మిగులుతుంది, గింజకు సన్నటి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లు కంటికి ఆనవు. పాలిష్‌లోకి పోయాకే నూకలై బయటపడతాయి. అందుకే సగం ఆరాక వేడి ఆపి, కొన్ని గంటలు వడ్లను ఊరికే ఉంచి, లోపలి తడి పైకి చేరాక మళ్లీ ఆరబెడతారు. ఆ కొన్ని గంటల్లో ఎవరి లెక్కలోనూ టన్నులు పడవు. టన్నులకు బోనస్ అన్నప్పుడు ముందు కోత పడేది ఆ విరామానికే. రాత్రి షిఫ్టు తొందరపడి ఆరబెట్టేస్తుంది, పగలు షిఫ్టు దాన్ని పాలిష్‌లో వేసి నూకలు చూసి తల పట్టుకుంటుంది. రాత్రివాళ్లకు బోనస్, పగటివాళ్లకు చీవాట్లు. నాలుగు సార్లు ఇలా జరిగాక పగటివాళ్లు కూడా అదే పని మొదలుపెడతారు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఒక టీమ్ రెండు పార్టీలవుతుంది. ఇక శాంపిల్స్ చూసే అమ్మాయి తేమ ఎక్కువుందని చెప్పిందనుకోండి, ఆ మాటతో ఒక షిఫ్టు మొత్తం బోనస్ పోతుంది. పాపం ఆ అమ్మాయి ఎంతమందితో శత్రుత్వం తెచ్చుకోగలదు?

కాబట్టి బోనస్ తీసేయకండి. తీసేస్తే అది శిక్షలా ఉంటుంది. లెక్క మార్చండి. తిరక్కొట్టకుండా గోదాములో దిగిన ప్రతి లాటు మీద ఇంత అని పెట్టి, అది రెండు షిఫ్టులకూ, శాంపిల్స్ అమ్మాయికీ, ఎలక్ట్రీషియన్‌కూ, గుమస్తాలకూ, హమాలీలకూ కలిపి ఇవ్వండి. సేటును ఒప్పించడం కష్టం కాదు. సర్కారు మిల్లింగ్ కోసం ఇచ్చే వడ్లకు క్వింటాలుకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం లెక్కన తిరిగి ఇవ్వాల్సిందే, నూకలు పెరిగితే ఆ లోటు పూడ్చేది ఆయన జేబే. తిప్పి పంపిన లారీ కిరాయి, మళ్లీ దింపిన హమాలీ ఖర్చు, మళ్లీ సార్టెక్స్ (రంగు మారిన గింజలను ఏరే యంత్రం) పట్టిన కరెంటు బిల్లు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. రెండేళ్లలో ఇచ్చిన బోనస్ ఎంతో దాని పక్కనే రాయండి. సేట్లకు ఉపన్యాసాల కన్నా లెక్క తొందరగా అర్థమవుతుంది.

బోనస్ మార్చగానే మాటలు వాటంతటవే రావు. షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఇద్దరు ఆపరేటర్లూ, డ్రయ్యర్ మనుషులూ ఒకచోట ఉండేలా చూడండి. ఇప్పుడు మీ దగ్గర ఒకరు బండి స్టార్ట్ చేస్తుంటే ఇంకొకరు గేటులోకి వస్తూ ఉండవచ్చు. ఆ పావుగంటకు జీతం లెక్కకట్టండి, ఊరికే ఆగమంటే ఎవరూ ఆగరు. ఆఫీసు రూములో కూర్చోబెట్టవద్దు, డ్రయ్యర్ దగ్గరే నిలబడాలి. అక్కడ వడ్లు చేతిలోకి తీసుకొని, నాలుగు గింజలు పంటికింద కొరికి, మాయిశ్చర్ మీటర్ చూసి, "ఈ బిన్ను తొమ్మిదింటికి ఆపినం, ఇంకో మూడు గంటలు ముట్టుకోవద్దు" అని ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాస్తే చాలు. మొదటి పది రోజులు మీరు అక్కడ నిలబడండి, కానీ మాట్లాడకండి. మీరు మాట్లాడితే అందరూ మీకే చెప్తారు, ఒకరికొకరు చెప్పుకోరు.

"చెప్తే మాకే తిట్లు" అన్న మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1990లలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల టీమ్‌లను గమనించారు. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకొని మొదలుపెట్టారు. రికార్డులు చూస్తే మంచి టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. లోతుగా చూశాక తేలింది ఏమిటంటే, అక్కడ పొరపాట్లను దాచడం లేదు, జరగ్గానే చెప్పేస్తున్నారు. భయం ఉన్న వార్డుల్లో రికార్డులు శుభ్రంగా ఉన్నాయి, దాగినవి దాగినట్టే ఉన్నాయి. మీ రిజిస్టర్ ఈ రెండేళ్లలో శుభ్రంగా ఉంటే సంతోషపడవద్దు.

మీ మిల్లులో తడి సంగతి అందరికంటే ముందు తెలిసేది ఎవరికో ఆలోచించారా? హమాలీలకు. బస్తా వీపు మీద పడగానే తెలిసిపోతుంది వాళ్లకు. మిర్యాలగూడ మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చిన హమాలీలు చాలామందే ఉన్నారు, మీ దగ్గరా ఉండి ఉంటారు. వాళ్లతో మీవాళ్లు మాట్లాడేది "జల్దీ కరో" వరకేనా? అట్లాగైతే మీ మిల్లులో మంచి మాయిశ్చర్ మీటర్ నోరు మూసుకొని పనిచేస్తున్నట్టు. హిందీ బాగా వచ్చిన గుమస్తాను రోజూ లోడింగ్ మధ్యలో ఒకసారి వాళ్ల దగ్గరికి పంపండి. "ఏ బస్తా తేడాగా ఉంది?" అని అడగమనండి. చెప్పిన బస్తా పక్కన పెట్టించి, వాళ్ల ముందే శాంపిల్ తీయించండి.

ఎవరైనా వచ్చి చెడు సంగతి చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఇప్పుడేం చేద్దాం?" అని ఉండాలి. "ఎవరు చేసిండ్రు?" అన్న ప్రశ్న మర్నాడు అడగవచ్చు, అది కూడా ఒక్కరినే పిలిచి. సేటు దగ్గర మీరే నిలబడాలి. ఆయన అరిస్తే మీ మీద అరవనివ్వండి. మీకు టెన్షన్ పెరుగుతుంది, నాకు తెలుసు. కానీ ఆ అరుపు పేరుతో సహా కింది మనిషి దాకా పోయిన రోజున మళ్లీ రెండేళ్లు ఎవరూ ఏమీ చెప్పరు. పోయినసారి తెలిసి చెప్పని ఆ ఇద్దరినీ ఇప్పుడు ఏమీ అనవద్దు. వాళ్లిద్దరినే పిలిచి, "ఈసారి లోడుకు ముందు మీరు సరే అంటేనే లారీ కదులుతుంది" అని చెప్పండి. చెప్పినట్టే ఒకసారైనా వాళ్ల మాట మీద లారీ ఆపి చూపించండి.

ఇంకొక సంగతి. మన దగ్గర మిల్లుల్లో అడ్వాన్సులు ఇవ్వడం మామూలే. పెళ్లికో, ఆసుపత్రికో తీసుకున్న డబ్బు తీరక ఆగిపోయినవాళ్లు మీ ఆరేళ్ల టీమ్‌లో ఎంతమంది ఉన్నారో లెక్క చూడండి. పాలమూరు గుంపులను కలిపి ఉంచింది ఊరి బంధం మాత్రమే అనుకోవద్దు, మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు కూడా ఎంతోమందిని కట్టిపడేసింది. అప్పు ఉన్న మనిషి ఎదురు చెప్పడు, తప్పు కనిపించినా చెప్పడు. నెలనెలా ఎంత కోస్తారో, ఇంకా ఎంత ఉందో ప్రతి ఒక్కరికీ కాగితం మీద ఇవ్వండి. పని గురించి మాట్లాడేటప్పుడు ఆ బాకీ ఊసు ఎత్తవద్దని సేటుకు గట్టిగా చెప్పండి.

రాత్రి షిఫ్టు ఎవరు చేస్తున్నారు? ఆరేళ్లుగా ఒకరిద్దరి మీదే పడుతోందేమో చూడండి. ఏళ్ల తరబడి ఒకే మనిషి మోసే బరువు పక్కవాళ్లకు కనపడకుండా పోతుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేయడానికి కారణం అదే కదా. పోచంపల్లి రకం పట్టు చీర కోసం ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఇళ్లల్లో ఆడవాళ్లే చేసేవారు, భుజాల నొప్పి వాళ్ల బతుకులో భాగమని అందరూ అనుకున్నారు. తన తల్లి భుజం నొప్పిని ఆయన అలా వదిలేయలేదు. ఏళ్లు కష్టపడి 1999లో యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ మిల్లులో ఆ భుజం ఎవరిదో మీరు వెతకాలి. ఊక దుమ్ములో నిలబడేవాళ్లా, రాత్రి డ్రయ్యర్ మనిషా, ఏ మోటారు కాలినా అర్ధరాత్రి ఫోన్ వచ్చే ఎలక్ట్రీషియనా? రాత్రులు వంతులవారీగా మార్చండి. బతుకమ్మ, దసరా సెలవులు, రెండేళ్లకోసారి వచ్చే గొల్లగట్టు జాతర ఏడాది అయితే ఆ రోజులు, నెల ముందే అందరూ కూర్చొని పంచుకోవాలి. ముందు అడిగినవాడికే దక్కితే, మొహమాటస్తులు ప్రతి పండక్కీ మిల్లులోనే ఉంటారు.

ప్రతి పనికీ రెండో మనిషిని తయారుచేయండి. బాయిలర్ దగ్గర మాత్రం సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలి, అక్కడ సర్దుబాట్లు వద్దు. కావాలంటే ఇంకొకరిని ఆ పరీక్ష రాయించండి. మిగతా చోట్ల ఆపరేటరు నాలుగు రోజులు డ్రయ్యర్ దగ్గర నిలబడితే, తొందరపడి ఆరబెడితే ఏమవుతుందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కొత్తవాళ్లను కూడా తీసుకోండి, అయితే సగం మందిని కాదు, ఏడాదికి ఒక్కరినో ఇద్దరినో. ఐటీఐ చదివి వచ్చిన కుర్రవాడు "ఇట్ల ఎందుకు చేస్తున్నరన్నా?" అని అడిగినప్పుడు పాతవాళ్లు నవ్వి ఊరుకోకుండా చూడండి. ఆరేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అడగడానికే వాడిని తీసుకున్నామని ముందే చెప్పండి.

పిక్నిక్ మంచిదే, పెట్టుకోండి. కాకపోతే సాగర్ గట్టు మీద కలిసి చేపల పులుసు తిన్నంత మాత్రాన సోమవారం డ్రయ్యర్ దగ్గర నోరు విప్పరు.

ఇవన్నీ మార్చాక, ఒక సీజన్ పూర్తిగా గడిచాక, ఇంకా ఎవరైనా తెలిసి దాచి పక్కవాడి మీదికి నెడుతుంటే అప్పుడు ఆ ఒక్కరిని పంపించండి. అందరికీ కారణం చెప్పి, రావలసిన డబ్బు మొత్తం లెక్కకట్టి ఇచ్చి పంపాలి. అలా పంపితే మిగిలినవాళ్లు భయపడరు.

ఎలక్ట్రీషియన్ సంగతి వెంటనే చూడండి, మిగతావన్నీ ఆగినా ఇది ఆగదు. జీతం పెంచుతానని మొదలుపెట్టకండి. టీ తాగడానికి బయటికి తీసుకెళ్లి, "ఈ రెండేళ్లలో నువ్వు చెప్పి మేం వినని పనులు ఏవేవి?" అని అడగండి. పనిమంతులు చాలాసార్లు డబ్బు కోసం కాకుండా, చెప్పిందే పదిసార్లు చెప్పి విసిగి పోతారు. పాత కేబుల్ మార్చమన్నాడేమో, స్పేర్ మోటారు పెట్టమన్నాడేమో, రాత్రి ఫోన్లకు ఇంకొకరిని తోడు ఇమ్మన్నాడేమో. చెప్పినవన్నీ రాసుకోండి, ఒక్కటి మాత్రం ఆ వారంలోనే చేయించండి. మిగతావాటికి ఎప్పుడు, ఎంత ఖర్చుతో అన్నది సేటుతో కూర్చొని తేల్చి అతనికి చెప్పండి. అప్పటికీ పోతానంటే బలవంతం చేయవద్దు. వచ్చే మనిషికి పని అప్పజెప్పేదాకా ఒక నెల ఉండమని అడగండి, ఆ నెలకు అదనంగా ఇవ్వండి.